ట్యాగు ఉన్న చెవి

శిక్షణ తరగతులంటే నాకు మొదటి నుంచీ చిన్నచూపే. పశువుల డాక్టరుగా ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఏడాదికి ఒకటో రెండో చొప్పున వెళ్ళివస్తూనే ఉన్నాను. వెళ్ళగానే సంతకం, ఒక ఫోల్డరు, రాయని పెన్ను, పదకొండింటికి టీ, మధ్యాహ్నం బిర్యానీ, చివరికి బ్యానరు ముందు గ్రూపు ఫొటో. ఇంటికి తెచ్చిన సర్టిఫికెట్లు బీరువాలో చీరల కింద పడేసేదాన్ని. ఒకసారి అమ్మ అవన్నీ బయటికి తీసి, "గిన్ని సదువులు ఎప్పుడు సదివినవే?" అని మురిసిపోయింది. నేను నవ్వి వాటిని మళ్ళీ చీరల కిందికే తోసేశాను. ఇప్పుడు ఆ కట్టలో ఒక సర్టిఫికెట్టు ఉంది. చీర తీసేటప్పుడు అది చేతికి తగిలితే ఆ రోజంతా నాకు అన్నం సయించదు.

అది కోరుట్లలో జరిగిన రెండు రోజుల తరగతిది. ఎండాకాలం చివర. నేనుండేది సిరిసిల్లలో, పనిచేసేది ముస్తాబాద్ వైపు ఒక పల్లెలోని పశువుల ఆసుపత్రిలో. పొద్దున్నే బస్సెక్కి వేములవాడలో దిగి, గుండ్లు కొట్టించుకున్న పిల్లలూ కొబ్బరికాయల సంచులూ నిండిన మరో బస్సులో నిలబడి కోరుట్ల చేరేసరికి మొదటి ఉపన్యాసం సగం అయిపోయింది. వెనక వరుసలో ఫ్యాను కింద చోటు దొరికింది. దొరికిన మేలు అదొక్కటే అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పశువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల మీద ఒక పెద్దాయన మాట్లాడారు. నేను చదువుకునే రోజుల్లో నాకు పాఠం చెప్పిన ఆయనే. రిటైరై చాలా ఏళ్ళయింది. గొంతు సన్నబడింది, మైకు దగ్గరికి వంగి మాట్లాడాల్సి వస్తోంది. ముందు వరుసలో సగం మంది కునికిపాట్లు, వెనక వరుసలో అందరం ఫోన్లు. ఆయన తెర మీద ఒక చచ్చిన గొర్రె బొమ్మ వేశారు. కడుపు ఉబ్బి, కాళ్ళు చాచి, ముక్కు దగ్గర నేల తడిసి ఉంది.

"ఇది దొమ్మ, ఆంత్రాక్స్. మీకు తెలువనిది గాదు, దీని మీద పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నోళ్ళే అందరు. ముక్కుల నుంచి, వెనక నుంచి నల్లగ, గడ్డకట్టని నెత్తురు వస్తుంటె ఆ జీవికి కత్తి ముట్టించొద్దు. పరీక్షకు చెవి నరం నుంచి ఒక్క చుక్క తీస్తె చాలు, అది గూడ మీరే తియ్యాలె. మనిషికి అంటుకుంటె చిన్న పొక్కు లేస్తది, నడుమ నల్లగైతది. నొప్పి పెట్టదు. నొప్పి పెట్టదు గన్కనే ఆసుపత్రికి పోరు."

ఆయన కళ్ళజోడు తీసి మావైపు చూశారు. "సరే, ఒక్కటి చెప్పున్రి. ట్యాగు కోసమని గొర్రె చెవులు కోసుకొచ్చి ఇమ్మని మీల ఎంతమంది అడుగుతున్నరు?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వామో చెప్పాలి. ఇన్సూరెన్సు ఉన్న ప్రతి గొర్రె చెవికి నంబరు ఉన్న పసుపుపచ్చ ట్యాగు ఉంటుంది. గొర్రె చనిపోతే నియమం ప్రకారం డాక్టరు అక్కడికే వెళ్ళి చూసి కాగితం రాయాలి. ఒక్కరికి ఎన్నో ఊళ్ళు, రోజూ ఎక్కడో ఒకచోట ఒకటి చస్తూనే ఉంటుంది. అందుకని మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఫోన్లో ఫొటో చూపించాలి, ట్యాగు తేవాలి. ఉత్త ట్యాగు తెస్తే బతికున్న గొర్రెది ఊడబెరికి తెచ్చారని అనుమానం, కాబట్టి చెవితో సహా కోసుకొని రావాలి. "చెవి లేకుంటె నేను రాయ" అని ఎన్నేళ్ళుగా ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. మా ఊళ్ళలో గొల్లకుర్మల పిల్లలకు కూడా ఆ మాట నోటికొచ్చు.

పక్కనున్న ఆవిడతో, "సారును ఒక్క వారం నా కుర్చీల కూసోమనాలె, అప్పుడు తెలుస్తది" అన్నాను. ఆవిడ ఫోనులోంచి తలెత్తకుండానే ఊఁ అంది. పెద్దాయన మా నవ్వు ఆగేదాకా ఆగి ఒక్క మాట అన్నారు. "ముందు ముక్కు చూడున్రి. తర్వాతనే నంబరు చూడున్రి." ఎందుకో ఆ మాట నచ్చి, పనిచేసే పెన్ను పక్కావిడను అడిగి తీసుకొని ఫోల్డరులో రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను.

వానలు మొదలైన వారానికి, గొర్లు కాసే ఒకామె మొదటి చెవి తెచ్చింది.

ఆమె గురించి చెప్పాలంటే నాకు ఇదివరకు గర్వం వచ్చేది, ఇప్పుడు వేరేది వస్తుంది. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. భర్త దుబాయిలో ఉంటాడు. ఒక్కతే బిడ్డ, రోజూ బస్సులో పోయివస్తూ సిరిసిల్లలో డిగ్రీ చదువుతోంది. మంద అమ్మేయమని అన్నదమ్ములు చెప్పినా వినకుండా, చీర మీద భర్త పాత చొక్కా తొడుక్కొని తానే గొర్లు కాసేది. టీకాలు వేసే రోజున మిగతావాళ్ళను మూడుసార్లు పిలవాల్సి వచ్చేది, ఆమె మంద మాత్రం తెల్లారకముందే ఆసుపత్రి ముందుండేది. కడుపులో పురుగులకు నట్టల మందు ఎంత పోయమంటే అంతే, ఏ రోజు పోయమంటే ఆ రోజే. ఎవరన్నా వాదిస్తే, "డాక్టరమ్మ చెప్పింది" అనేది. అంతటితో ఆమె మటుకు చర్చ అయిపోయినట్టే. అందరూ ఈమెలా ఉంటే నా ఉద్యోగం ఎంత సుఖంగా ఉండేదో అని ఇంట్లో చాలాసార్లు అనుకున్నాను.

ఆ రోజు పాలిథిన్ కవరులో చుట్టి, కొంగున ముడేసి తెచ్చింది.

"రాత్రి మంచిగనే మేసి పన్నది డాక్టరమ్మా. పొద్దుగాల లేసి చూస్తె కాళ్ళు జాపింది. చిటుకు రోగమే అంటున్రు అందరు. మీరు చెప్పినట్లనే కోసిన, ట్యాగుకు గీత గూడ వడలే."

తొలకరికి కొత్త గడ్డి మేసిన గొర్లు చిటుకు రోగంతో ఉన్నట్టుండి చావడం మామూలే. ఫొటో చూపించింది. కూతురు తీసి నా ఫోనుకు కూడా పంపిందట, బాగా వచ్చింది. నేను రెండు వేళ్ళతో ఫొటోను పెద్దది చేసి ట్యాగు మీది నంబరు చదివాను. రాసుకున్నాను. "చాల మంచిగ కోసినవక్కా, గిట్ల తేవాలె" అని మెచ్చుకున్నాను కూడా. నా మెప్పుకు ఆమె ముఖం ఎలా విప్పారిందో నాకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

రెండు రోజుల తర్వాత ఇంకో రెండు చెవులు తెచ్చింది. రెండు ఫొటోలు, రెండు నంబర్లు. రాశాను. బయట బర్రెలు క్యూ కట్టి ఉన్నాయి.

ఆ తర్వాత నాలుగో రోజున వచ్చింది, ఈసారి చెవి తేలేదు. మిగిలిన మందకు చిటుకు టీకా వేయాలని అడగడానికి వచ్చింది. మందు సీసా అందుకోవడానికి చెయ్యి చాపితే చొక్కా చెయ్యి వెనక్కి జరిగింది. మణికట్టు పైన రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ నీటి పొక్కులు, నడుమ బొగ్గు ముక్క అతికించినట్టు నలుపు.

"ఏందిదక్కా?"

"ఏమో డాక్టరమ్మా, ఏదో పురుగు ముట్టినట్టున్నది. నొప్పి లేదు ఏం లేదు. ఊకె ఉన్నది."

నొప్పి లేదు అన్న మాట వినగానే నా చేతిలోని సీసా బల్ల మీద పెట్టేశాను. లేచి ఆమె గడ్డం పట్టుకొని ముఖం వెలుగువైపు తిప్పాను. దవడ కింద ఇంకొకటి, చిన్నది. మెడ ఆ పక్కంతా ఉబ్బి ఉంది. అదే చేత్తో చెమట తుడుచుకుందో, గోక్కుందో. ఒళ్ళు కాలిపోతోంది. "రెండొద్దుల నుంచి జెర జొరం" అంది, అదేదో తన తప్పయినట్టు.

ఆటో పిలిపించి అప్పటికప్పుడు సిరిసిల్ల ఆసుపత్రికి పంపించాను. అక్కడి డాక్టరుకు ఫోన్ చేసి నా అనుమానం చెప్పాను. తర్వాత గది తలుపు దగ్గరకు వేసుకొని నా ఫోనులో ఆ మూడు ఫొటోలు తెరిచాను. మొదటి దానిలోనే ఉంది. ట్యాగుకు జానెడు దూరంలో, ముక్కు దగ్గర, నల్లగా, తడిగా. ఫొటోను పెద్దది చేసినప్పుడు దాన్ని నేనే తెర పక్కకు తోసేసి నంబరు చదువుకున్నాను. ఎంత ఏడ్చినా ఆ ఫొటో మారదు కదా. అయినా ఏడ్చాను, నా మీద నాకు పుట్టిన కోపంతో.

ఆ సాయంత్రమే పంచాయతీ ఆఫీసు దగ్గర ఊరివాళ్ళను పోగుచేశాం. మైకు నా చేతికిచ్చారు. నాకు తెలిసిందంతా చెప్పాను. ఉన్నట్టుండి చచ్చిన గొర్రెను తినొద్దు, పోగులు పెట్టి పంచుకోవద్దు, తోలు తీయొద్దు, నేల మీద ఈడ్వొద్దు, ఆరడుగుల గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చాలి, చెరువు శిఖంలో, నీళ్ళు దిగిన నేలలో మేపొద్దు, పొక్కు లేస్తే దాచొద్దు. గొంతు కూడా బాగా పలికింది. చెవి మాట మాత్రం చెప్పలేదు.

మరిచిపోలేదు. నోటి దాకా వచ్చింది. నా ఎదురుగా నేల మీద కూర్చున్న గొల్లకుర్మల్లో ఒక్కడు కూడా నాకు చెవి తేనివాడు లేడు. "చెవి కోయొద్దు" అంటే, "మీరే గద తెమ్మన్నది?" అని ఎవరో ఒకరు లేస్తారు. తర్వాత ఒక్కొక్కరికీ విడిగా చెప్పుకుందాం, ఇప్పుడు ఇంతమందిలో ఎందుకు అనుకున్నాను. మైకు తిరిగి ఇచ్చేశాను.

తర్వాతి రెండు రోజులు ఊళ్ళోని మందలన్నిటికీ టీకాలు వేశాం. తిండి కూడా మందల దగ్గరే. మూడో రోజు పొద్దున ఆసుపత్రి వరండాలో ఆమె కూతురు నిలబడి ఉంది. చేతిలో పాలిథిన్ కవరు.

"పొద్దుగాల ఇంకోటి పోయింది మేడం. మీరు చెప్పినట్లనే గొయ్యి తవ్వి సున్నం పోసి పాతిపెట్టినం. అమ్మ ఫోన్ల చెప్పింది, పాతిపెట్టేముందు చెవి మాత్రం తియ్యి, లేకుంటె డాక్టరమ్మ రాయదు అని. మాట సక్కగ వస్తలేదు ఆమెకు, అయినా రెండుసార్లు చెప్పింది."

ఆ పిల్ల కుడిచేతి బొటనవేలి మీద కత్తి గీరుకున్న సన్నని గాటు ఉంది. ఎర్రగా, కొత్తగా.

"ఎవరు కొయ్యమన్నరు నిన్ను?" అని అరిచాను. వరండాలో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"మీరే గద మేడం..."

ఆ పిల్ల ఆ మాట పూర్తి చేయకముందే అడ్డుపడ్డాను. "నేను మీ అమ్మకు ఎప్పుడో చెప్పిన, గిట్ల సచ్చినదాన్ని ముట్టొద్దని! వినలే!" అన్నాను. అందరికీ వినబడేట్టు అన్నాను. నా జీవితంలో అంత గట్టిగా, అంత తడబాటు లేకుండా నేను ఏ అబద్ధమూ ఆడలేదు. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి తల దించుకుంది. కవరు నా చేతికి ఇవ్వకుండా మెల్లగా నేల మీద పెట్టింది.

ఆ పిల్లను నా బండి మీద ఎక్కించుకొని తంగళ్ళపల్లి మీదుగా సిరిసిల్ల తీసుకుపోయాను. ఆసుపత్రిలో గాయం కడిగి వారాల తరబడి వేసుకోవాల్సిన మాత్రలు రాసిచ్చారు. నాకూ రాసిచ్చారు. ఆ పిల్లకు ఏమీ కాలేదు. ఆమె తల్లిని అప్పటికే కరీంనగర్ పెద్దాసుపత్రికి మార్చారు. మెడ వాపు గొంతుకు అడ్డం పడి, ఎన్ని సూదులు వేసినా, వచ్చేసరికే ఆలస్యమైపోయి, రెండు రోజుల తర్వాత ఆమె చనిపోయింది.

పదొద్దుల కర్మ నాడు వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండడానికి సాకులు వెతికి, దొరక్క వెళ్ళాను. దుబాయి నుంచి వచ్చిన భర్త నన్ను చూడగానే లేచి రెండు చేతులూ జోడించాడు.

"మా బిడ్డనన్న దక్కిచ్చిన్రు మేడం. గా పొద్దు మీరు బండి మీద తీస్కపోకుంటె ఇది గూడ పోతుండె. నా పెండ్లాం మొండిది. ఫోన్ల నేనేం చెప్పినా గంతే. మీ అసొంటోళ్ళు చెప్పినా వినకపోయె. సచ్చింది."

కూర్చున్న చుట్టాలంతా అవునవునన్నారు. ఒక ముసలామె, "మొండితనమే పానం తీసింది" అని కళ్ళు ఒత్తుకుంది. కూతురు నాకు గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. తాగాను. నోరు పెగల్లేదని రాస్తే అది కూడా అబద్ధమే. నోరు బాగానే ఉంది, "ధైర్యంగ ఉండున్రి" అని చెప్పి వచ్చాను. ఆ రోజు ఆడిన అబద్ధం నా నోటి నుంచి వరండాలోకి, వరండా నుంచి ఊళ్ళోకి, ఊరి నుంచి దుబాయికి పోయి, ఇప్పుడు ఆ ఇంట్లో ఫొటోకు వేసిన దండ దగ్గర కూర్చుంది. నా మాట జవదాటని ఒక్క మనిషిని నేను ఊరందరిలో మొండిదాన్ని చేశాను.

ఏడాది గడిచింది. చెవులు తేవడం మాన్పించాను, పోయి చూసే రాస్తున్నాను, సగం రోజులు చీకటి పడేదాకా ఇంటికి రాలేకపోతున్నాను. ఆ కూతురు చదువు మానేసి మంద వెనక పోతోందని విన్నాను. తండ్రి తిరిగి దుబాయి వెళ్ళిపోయాడు. దారిలో ఆ పిల్ల మంద కనిపిస్తే బండి వేరే దారిన తిప్పుకునేదాన్ని.

అప్పుడు జగిత్యాలలో ఒక తరగతి పెట్టి నన్ను మాట్లాడమని పిలిచారు. దొమ్మను నేను దగ్గరి నుంచి చూశాను కాబట్టి, కొత్తగా చేరిన డాక్టర్లకు, పశువైద్య సిబ్బందికి చెప్పాలట. జగిత్యాల మా పుట్టిల్లు. అమ్మ కొత్త చీర కట్టుకొని వెనక వరుసలో వచ్చి కూర్చుంది. వేదిక మీద నుంచి చూస్తే అంతా తెలిసిపోతుంది, ఎవరు ఫోను చూస్తున్నారో, ఎవరు నిద్రపోతున్నారో. కోరుట్లలో ఆ పెద్దాయనకు నేను ఎంత బాగా కనిపించి ఉంటానో అనుకున్నాను.

తెర మీద ఆ మొదటి గొర్రె ఫొటో వేశాను. లక్షణాలు చెప్పాను, చెవి కోసిన ఆమెకు జబ్బు ఎలా అంటిందో చెప్పాను, పూడ్చే పద్ధతి చెప్పాను. ముందు వరుసలో ఒక కొత్త డాక్టరు లేచి అడిగాడు. "మేడం, ఆమె చెవి ఎందుకు కోసింది? అప్పటికి ఎవరు చెప్పలేదా?"

నేను అమ్మవైపు చూడకుండా చెప్పాను. "చెప్పిన్రు. కొయ్యమని చెప్పిన్రు. నేనే చెప్పిన. వద్దని నాకు అప్పటికే తెలుసు, కోరుట్లల విని రాసుకొని గూడ వచ్చిన. ఆమె ఆసుపత్రిల పడ్డంక, ముందే వద్దన్ననని అబద్ధమాడిన."

ఎవరూ నవ్వలేదు. ఫోన్లు దిగిపోయాయి. నిర్వాహకుడు గబగబా మైకు అందుకొని భోజనాలకు వేళయిందన్నాడు. శాలువా కప్పబోతే వద్దన్నాను. అమ్మ నా దగ్గరికి వచ్చి నా చేతిలో సంచీ తీసుకొని పట్టుకుంది. పరాయివాళ్ళ ముందు చెప్పడం ఇంత తేలికా అని నా మీద నాకే అసహ్యం వేసింది. భోజనం చేయకుండానే బస్సెక్కాను.

పల్లెలో దిగేసరికి ఎండ తగ్గింది. ఆ పిల్ల మందను పొలాల మీంచి మళ్ళిస్తోంది. డ్రెస్సు మీద తల్లి తొడుక్కున్న ఆ పాత చొక్కానే వేసుకుంది, చేతులు పైకి మడిచి. నేను గట్టు మీద నిలబడి చెప్పాను. మీ అమ్మకు నేను వద్దని ఎప్పుడూ చెప్పలేదు, తెమ్మనే చెప్పాను, ఆ రోజు వరండాలో అబద్ధమాడాను, తప్పు నాదే. చెప్తూ ఏడ్చాను. ఆ పిల్ల ఏడవలేదు. వెనకబడిన ఒక గొర్రెపిల్లను ఎత్తి చంకలో పెట్టుకుంది.

"నాకెరుకే మేడం. ఫొటోలు తీసి మీకు పంపింది నేనే గద. మా అమ్మ మీ మాట ఏనాడు దాటలే."

"మరి ఎందుకు ఊకున్నవ్ బిడ్డా, ఊరంత ఆమెను మొండిది అంటుంటె?"

"నేను జెప్తె ఎవరు వింటరు? డాక్టరమ్మ అబద్ధమాడుతదా అంటరు." గొర్లు ముందుకు పోతున్నాయి, ఆమె వాటి వెనకే నాలుగడుగులు వేసి ఆగింది. "గీడ నాకు చెప్పుడెందుకు మేడం? గా పొద్దు మైకుల అన్నీ చెప్పిన్రు. ఇది గూడ మైకులనే చెప్పున్రి."

నేను పంచాయతీ ఆఫీసుకు నడిచాను. మైకు కావాలంటే అక్కడి మనిషి, "మళ్ళ ఏమన్న రోగం వచ్చిందా మేడం?" అని అడుగుతూ స్విచ్చి వేశాడు. ముందు చనిపోయిన ఆ తల్లి పేరు చెప్పి, ఆ తర్వాత నా పేరు చెప్పాను.